పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుని జవాబులు: కొవ్వు ఉన్న చోటే కాపలా

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి గొర్రెల పెంపకందారు రాసినది, ఒకటి కళాశాల విద్యార్థిని రాసినది, ఒకటి రొయ్యల రైతుది, రెండు ఇంటి నుంచీ సముద్రపు ఒడ్డు నుంచీ వచ్చినవి. పైకి వేటికవే వేరుగా కనిపించినా అన్నింటిలోనూ అడిగిన సంగతి ఒక్కటే. జంతువుల ఒంట్లోని కొవ్వు ఆక్సిజన్ తగిలి ఎందుకు చెడుతుంది, దానిని ఏది కాపాడుతుంది అన్నదే ఆ సంగతి. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని దీనికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాకు నూట ఇరవై నెల్లూరు జుడిపి గొర్రెలు ఉన్నాయి. పోయిన వేసవిలో పచ్చిమేత దొరకక వరిగడ్డితోనూ, కాస్త వేరుశనగ కట్టెతోనూ నెట్టుకొచ్చాము. ఆ తర్వాత పుట్టిన పిల్లల్లో నాలుగు, మూడు నాలుగు వారాల వయసు వచ్చేసరికి వెనక కాళ్ళు బిగుసుకుపోయి కర్ర కాళ్ళ మీద నడిచినట్టు నడిచాయి. వాటిలో ఒకటి తల్లి వెంట పరుగెత్తుతూనే పడి చనిపోయింది. విటమిన్ ఇ, సెలీనియం కలిసిన ఇంజక్షన్ పిల్లలన్నింటికీ వేయమని మందుల షాపులో చెప్పారు. వేయవచ్చునా?
– గొర్రెల పెంపకందారు, ఉదయగిరి

జవాబు: అయ్యా, మీరు రాసిన లక్షణాలు విటమిన్ ఇ, సెలీనియం అనే ఖనిజం కొరత వల్ల వచ్చే తెల్ల కండర వ్యాధిని గుర్తుకు తెస్తున్నాయి. అయితే బొడ్డు ద్వారా క్రిములు చేరి కీళ్ళు వాచినా, ధనుర్వాతం వచ్చినా పిల్లలు ఇలాగే బిగుసుకుంటాయి. కనుక ముందుగా చేయవలసిన పని ఇంజక్షన్ వేయడం కాదు, జబ్బు ఏదో తేల్చుకోవడం. కీళ్ళు పట్టుకుంటే వేడిగా, వాపుగా ఉన్నాయా, దవడ బిగుసుకుందా అన్నది మీ పశువైద్యుడు చేత్తో తడిమి చూస్తేనే తెలిసిపోతుంది. ఇంకొక పిల్ల చనిపోతే పూడ్చివేయకుండా వెంటనే శవపరీక్షకు తీసుకువెళ్ళండి. తెల్ల కండర వ్యాధి అయితే తొడ కండను కోసినప్పుడు ఎర్రగా, తడిగా మెరవవలసిన కండలో ఉడికించిన కోడి మాంసం రంగులో పాలిపోయిన చారలు కనిపిస్తాయి. ఆ చారలు ఒక తొడలో ఎక్కడ ఉన్నాయో రెండవ తొడలోనూ దాదాపు అక్కడే ఉంటాయి. వేలితో రుద్దితే సున్నపు గరుకు తగులుతుంది. చచ్చిపోయిన కండ పోగుల్లో సున్నం పేరుకోవడమే దానికి కారణం. గుండె గోడలో కూడా ఇవే చారలు పడితే, ఆ పిల్ల పరుగెత్తుతూ పడిపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఆ కండ ఎందుకు చచ్చిపోయిందో తెలిస్తే వచ్చే వేసవికి ఏం చేయాలో మీకే అర్థమవుతుంది కనుక కొంచెం ఓపికగా చదవండి. ఒంట్లోని ప్రతి కణాన్నీ కొవ్వుతో చేసిన పలుచని పొర ఒకటి చుట్టి ఉంటుంది. ఆ పొర మెత్తగా, కదిలేటట్టు ఉండాలంటే అందులో బహుళ అసంతృప్త కొవ్వు ఆమ్లాలు, అంటే కార్బన్ గొలుసులో ఒకటి కంటే ఎక్కువ జంట బంధాలు ఉన్న ఆమ్లాలు, ఉండి తీరాలి. లినోలిక్ ఆమ్లంలో రెండు జంట బంధాలు, అరాకిడోనిక్ ఆమ్లంలో నాలుగు, చేపల నూనెలో ఉండే డీహెచ్ఏలో ఆరు ఉంటాయి. రెండు జంట బంధాల నడుమ చిక్కుకున్న హైడ్రోజన్ పట్టు చాలా బలహీనంగా ఉంటుంది. జంట బంధాలు పెరిగిన కొద్దీ ఇటువంటి బలహీనమైన చోట్లూ పెరుగుతాయి. అంటే పొరను మెత్తగా ఉంచే గుణమే దానిని సులభంగా చెడగొట్టే గుణం కూడా అవుతున్నది.

కండ పని చేస్తున్నప్పుడు, ముఖ్యంగా ఎండ దెబ్బకు ఒళ్ళు వేడెక్కినప్పుడు, పీల్చిన ఆక్సిజన్‌లో కొద్ది భాగం దారి తప్పి, జత లేని ఎలక్ట్రాన్ ఉండి పక్క అణువుల మీద పడే ఫ్రీ రాడికల్స్‌గా మారుతుంది. కణంలో విడిగా ఉన్న ఇనుము వాటికి తోడైతే అవి మరింత తీవ్రమవుతాయి. అటువంటి ఒక్క రాడికల్ వచ్చి ఒక కొవ్వు ఆమ్లం నుంచి హైడ్రోజన్‌ను లాగివేస్తే, హైడ్రోజన్ పోగొట్టుకున్న ఆ ఆమ్లం ఆక్సిజన్‌ను పట్టుకుని పెరాక్సిల్ రాడికల్‌గా మారి, పక్కనున్న ఆమ్లం నుంచి హైడ్రోజన్‌ను లాగుతుంది. అది తన పక్కదాని మీద పడుతుంది. ఎండిన గడ్డివామికి ఒక మూల నిప్పురవ్వ తగిలితే వామి మొత్తం ఎలా అంటుకుంటుందో ఇదీ అలాగే సాగుతుంది. మొదటి రవ్వ ఎంత చిన్నదైనా నష్టం చిన్నది కాదు. చివరికి పొర చిల్లులు పడి, బయటి కాల్షియం లోపలికి దూసుకువచ్చి, కండ పోగు చచ్చిపోతుంది.

ఈ మంటను ఆపడానికి ఒంట్లో రెండు అంచెల కాపలా ఉంది. మొదటిది విటమిన్ ఇ. దాని పొడవాటి తోక కొవ్వు పొరలో దిగబడి ఉంటుంది, తల పొర అంచున ఉంటుంది. పెరాక్సిల్ రాడికల్ పక్క కొవ్వు ఆమ్లాన్ని పట్టుకునే లోపలే విటమిన్ ఇ తన హైడ్రోజన్‌ను దానికి ఇచ్చివేస్తుంది. కొవ్వు ఆమ్లం ఇవ్వగల వేగం కంటే ఇది వెయ్యి రెట్లకు తక్కువ కాదు. అందుకే పొరలో వెయ్యి కొవ్వు అణువులకు ఒకటి చొప్పున ఉన్నా అది పని నెట్టుకురాగలుగుతుంది. రెండవది సెలీనియం ఉన్న గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైము. ఇప్పటికే పుట్టిన పెరాక్సైడ్లు మళ్ళీ ఇనుము తగిలి రాజుకోకుండా అది వాటిని నిరపాయమైన ఆల్కహాళ్ళుగా మార్చివేస్తుంది. 1957లో క్లాస్ ష్వార్జ్ సెలీనియం జంతువులకు అవసరమని చూపించాడు. ఆ మరుసటి సంవత్సరమే అమెరికాలోని ఆరెగాన్‌లో, ఈనబోయే గొర్రెల మేతలో కొద్దిగా సెలీనియం కలిపితే పిల్లలకు తెల్ల కండర వ్యాధి రాకుండా ఆగుతుందని తేలింది. ఆ సెలీనియం సరిగ్గా ఈ ఎంజైములోనే ఉంటుందన్న సంగతి మాత్రం 1973లో గానీ బయటపడలేదు.

ఇప్పుడు మీ మందకు వస్తాను. పశువు విటమిన్ ఇ తయారు చేసుకోలేదు, మొక్క చేసుకుంటుంది. పచ్చని ఆకులోని పొరల్లో లినోలెనిక్ ఆమ్లం మెండుగా ఉంటుంది, రోజంతా ఎండ దాని మీద పడుతూ ఉంటుంది. తన కొవ్వును కాపాడుకోవడానికి ఆకు విటమిన్ ఇ ని తన దగ్గరే పెట్టుకుంటుంది. గొర్రె ఆకును తిన్నప్పుడు కొవ్వూ కాపలా కలిసే దాని కడుపులోకి పోతాయి. 1922లో ఎవాన్స్, బిషప్ అనే ఇద్దరు కాలిఫోర్నియాలో, శుద్ధి చేసిన మేత మీద పిల్లలు నిలవని ఎలుకలకు లెట్యూస్ ఆకు పెట్టగానే పిల్లలు పుట్టడం చూసి ఈ విటమిన్‌ను కనుగొన్నారన్నది మనం గుర్తుంచుకోవలసిన విషయం. ఆకు ఎండలో ఎండి గడ్డి అయ్యేటప్పుడు ఈ విటమిన్‌లో చాలా భాగం నశిస్తుంది. నెలల తరబడి వామిలో ఉన్న వరిగడ్డిలో అది దాదాపు లేనట్టే. పైగా తల్లి కడుపులో ఉన్నప్పుడు విటమిన్ ఇ మాయను దాటి పిల్లకు చేరేది చాలా తక్కువ. పుట్టిన మొదటి గంటల్లో తాగే ముర్రుపాల నుంచే అది పిల్లకు అందాలి. తల్లి వేసవి అంతా వరిగడ్డి తిని ఉంటే ఆ ముర్రుపాలలో మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది?

కనుక మీరు చేయవలసినది ఈనడానికి రెండు నెలల ముందు నుంచీ తల్లులకు రోజూ కొంత పచ్చి ఆకు అందేలా చూడటం. మీ మెట్ట ప్రాంతంలో బోరు కింద పది సెంట్ల అవిశ వేసుకున్నా, గట్ల మీద మునగ పెంచుకున్నా ఎండాకాలంలో ఈనే గొర్రెల వరకైనా సరిపెట్టుకోవచ్చు. ప్రకాశం వైపు విరివిగా ఉన్న సుబాబుల్ కూడా మంచి ఆకే, కానీ అందులో మైమోసిన్ అనే విషపదార్థం ఉన్నందున మొత్తం మేతలో మూడవ వంతుకు మించనివ్వకండి. పుట్టిన ప్రతి పిల్లా రెండు గంటల లోపల ముర్రుపాలు తాగిందని కళ్ళతో చూసుకోండి.

ఇంజక్షన్ విషయంలో నా మాట గట్టిగానే చెబుతాను. వ్యాధి నిర్ధారణ అయితే అది ప్రాణం నిలిపే మందు, సందేహం లేదు. కానీ సెలీనియం అవసరానికీ విషానికీ మధ్య ఎడం చాలా తక్కువ. గొర్రెకు కిలో ఎండు మేతలో 0.1 నుంచి 0.3 మిల్లీగ్రాములు సరిపోతుంది. అది కొన్ని మిల్లీగ్రాములకు చేరి చాలా కాలం కొనసాగితే ఉన్ని రాలిపోతుంది, డెక్కలు పాడవుతాయి. ఇంజక్షన్ మోతాదు మించితే పిల్ల గంటల్లోనే ఊపిరి ఆడక చనిపోవచ్చు. మన దేశంలోనే పంజాబులోని హోషియార్‌పూర్, నవాన్‌షహర్ ప్రాంతాల నేలల్లో సెలీనియం అధికంగా ఉండి, అక్కడ పండిన మేత తిని పశువులు దెబ్బతిన్నాయి. కాబట్టి పిల్లను తూకం వేయకుండా, పశువైద్యుడు మోతాదు రాయకుండా, మందలోని అన్నింటికీ ఒకే కొలత వేయడం మాత్రం చేయకండి.

ప్రశ్న: విటమిన్ సి నీటిలో కరిగేది, కొవ్వు నీటిలో కరగదు. అటువంటప్పుడు విటమిన్ సి కొవ్వు ఆమ్లాలను ఎలా కాపాడుతుంది? ఇలా కొవ్వును ఆక్సిజన్ నుంచి కాపాడే యాంటీ ఆక్సిడెంట్లు మంచివే అయితే ఎంత ఎక్కువ తీసుకుంటే అంత మంచిదే కదా?
– డిగ్రీ విద్యార్థిని, కావలి

జవాబు: మీ మొదటి ప్రశ్న చాలా చక్కటి ప్రశ్న, దీని మీద శాస్త్రవేత్తలు కూడా చాలాకాలం తర్కించుకున్నారు. విటమిన్ సి కొవ్వు పొరలోకి వెళ్ళవలసిన పని లేదు. పై జవాబులో విటమిన్ ఇ తల పొర అంచున ఉంటుందని రాశాను కదా. హైడ్రోజన్ ఇచ్చివేసిన తర్వాత విటమిన్ ఇ తానే ఒక బలహీనమైన రాడికల్‌గా మిగిలిపోతుంది. అప్పుడు పొర బయటి నీటిలో ఉన్న విటమిన్ సి అంచు దగ్గరకు వచ్చి తన ఎలక్ట్రాన్‌ను దానికి అందించి మళ్ళీ మొదటి విటమిన్ ఇ గా నిలబెడుతుంది. 1979లో ప్యాకర్, స్లేటర్, విల్సన్ అనే ముగ్గురు ఈ చేతులు మారడాన్ని ప్రయోగంలో నేరుగా చూపించారు. తర్వాత విటమిన్ సి ని కణంలో ఉండే గ్లూటాథయోన్ అనే పదార్థం తిరిగి సిద్ధం చేస్తుంది. గ్లూటాథయోన్‌కు కావలసిన శక్తి కణం గ్లూకోజు నుంచి తీసుకుంటుంది. అంటే ఆకలితో మాడిన పశువుకు ఎంత విటమిన్ పొడిచినా ఆ కాపలా పూర్తిగా పని చేయదు. ఈ విషయాన్ని నేను పశుపోషకులకు చెప్పినన్ని సార్లు మరేదీ చెప్పలేదు.

ఇంకొక సంగతి. గొర్రె, ఆవు, గేదె తమ కాలేయంలోనే విటమిన్ సి తయారు చేసుకుంటాయి. మనిషి, గినీ పంది, చాలా రకాల చేపలు, రొయ్యలు చేసుకోలేవు. కాబట్టి ఒక జీవికి పనికి వచ్చిన సలహా మరొక జీవికి పనికి రాకపోవచ్చు.

రెండవ ప్రశ్నకు జవాబు, కాదు అని. విటమిన్ సి దగ్గర విడి ఇనుము ఉంటే అదే ఇనుమును మళ్ళీ మళ్ళీ రెచ్చగొట్టి కొవ్వును మరింత చెడగొట్టగలదు. మనుషుల విషయంలోనూ పెద్ద పాఠం ఒకటి ఉంది. ఫిన్లాండ్‌లో సుమారు 29 వేల మంది పొగతాగే పురుషుల మీద జరిగిన పరిశీలన ఫలితాలు 1994లో వెలువడినప్పుడు, బీటా కెరోటిన్ అనే యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువగా కనిపించింది. ఆకుకూరలోని కెరోటిన్ ఇతర తోడులతో కలిసి వస్తుంది. మాత్రలోని కెరోటిన్ పెద్ద మోతాదులో ఒంటరిగా వస్తుంది. ఈ తేడా చిన్నది కాదని నా అభిప్రాయం.

ప్రశ్న: మాకు ఆరు ఎకరాల వనామీ గుంటలు ఉన్నాయి. ఎండాకాలంలో మేత బస్తాలు రేకుల షెడ్డులో నిల్వ చేస్తే నెల తిరిగేసరికి వాసన మారుతున్నది. విటమిన్ సి, విటమిన్ ఇ పొడులు కలిపి వేస్తే ఆ మేత మళ్ళీ పనికి వస్తుందా?
– రొయ్యల రైతు, ఇందుకూరుపేట

జవాబు: పనికి రాదు. వాసన మారిందంటే మేతలోని చేపల నూనెలో ఉన్న ఈపీఏ, డీహెచ్ఏ అనే కొవ్వు ఆమ్లాలు అప్పటికే విరిగిపోయి, ఘాటు వాసన ఇచ్చే ఆల్డిహైడ్లుగా మారాయన్నమాట. కాలిపోయిన వామి మీద నీళ్ళు చల్లితే గడ్డి తిరిగి రానట్టే, విరిగిన ఆమ్లం విటమిన్ వేస్తే తిరిగి అతకదు. పైగా ఆ చెడిన నూనె రొయ్య ఒంట్లోకి పోయి అక్కడ ఉన్న కాస్త విటమిన్ ఇ ని కూడా ఖర్చు చేస్తుంది. ఆ బస్తాలను వాడకండి, నష్టమైనా సరే.

గొర్రె ఆకును తిన్నప్పుడు కొవ్వూ కాపలా కలిసే వస్తాయని పైన రాశాను. మేత తయారీలో మనం చేపల నుంచి నూనెను విడదీస్తాము, దాని కాపలాను పోగొడతాము, మళ్ళీ కృత్రిమంగా ఒక కాపలాను పెడతాము. చాలాకాలం ఆ పని ఎథాక్సిక్విన్ అనే రసాయనం చేసింది. 2012లో జపాన్ మన రొయ్యల్లో ఆ రసాయనం అవశేషాలను 0.01 పీపీఎం (పది లక్షల భాగాల్లో 0.01 భాగం) హద్దుతో పరీక్షించడం మొదలుపెట్టినప్పుడు తూర్పు తీరపు రైతులు ఎంత కలవరపడ్డారో మీకు గుర్తుండే ఉంటుంది. తర్వాత జపాన్ ఆ హద్దును సడలించింది. 2017లో యూరోపియన్ యూనియన్ మాత్రం మేతల్లో దాని వాడకాన్నే నిలిపివేసింది. ఇప్పుడు మేత కొనేటప్పుడు అందులో ఏ యాంటీ ఆక్సిడెంట్ కలిపారో అడిగి తెలుసుకోవడం మీ హక్కు, మీ ఎగుమతికి అవసరం కూడా.

నిల్వ విషయం. రేకుల కింద మధ్యాహ్నం వేడి బయటి ఎండను మించుతుంది. వేడి పెరిగే కొద్దీ ఆక్సీకరణ వేగం పుంజుకుంటుంది. రేకు మీద తాటాకు గానీ కొబ్బరి మట్టలు గానీ కప్పి, బస్తాలను నేలకూ గోడకూ తగలకుండా చెక్కల మీద పేర్చి, గాలి ఆడనివ్వండి. తయారైన తేదీ చూసి పాతది ముందు వాడండి. మూడు నెలలు దాటిన మేతను కొనకండి. వేసవిలో పదిహేను రోజులకు సరిపడా మాత్రమే తెచ్చుకోవడం అన్నింటికంటే మేలు.

రొయ్య విటమిన్ సి తయారు చేసుకోలేదు కనుక మేతలో అది ఉండి తీరాలి, కానీ మామూలు విటమిన్ సి వేడికీ నీటికీ త్వరగా పోతుంది. ఫాస్ఫేట్ రూపంలో ఉన్నది నిలుస్తుంది. పొడి కొనేటప్పుడు లేబుల్ మీద ఆ మాట చూడండి. తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ పడిపోయి, సూర్యోదయం తర్వాత ఒక్కసారిగా పెరిగినప్పుడు కూడా రొయ్య కణాల్లో ఫ్రీ రాడికల్స్ ఎక్కువగా పుడతాయి. ఆ ఒత్తిడికి ఏ పొడి కంటే సమయానికి తిరిగి నీటిలో గాలి కలిపే ఏరేటరే మంచి మందు. రొయ్యను ఉడికించినప్పుడు వచ్చే ఎరుపు మనందరం చూసేదే. అది ఆస్టాజాంథిన్ అనే రంగు పదార్థం. బతికి ఉన్నప్పుడు మాంసకృత్తుతో ముడిపడి నీలి బూడిద రంగులో దాగి ఉంటుంది, వేడికి ఆ ముడి విడిపోయి ఎర్రగా బయటపడుతుంది. రొయ్య కొవ్వును కాచే యాంటీ ఆక్సిడెంట్లలో అదీ ఒకటి. రొయ్య దానిని మేత నుంచి, గుంటలోని నాచు నుంచి తీసుకుంటుంది.

ప్రశ్న: రాత్రి వండిన కోడి కూర మర్నాడు వేడి చేస్తే అదొక రకమైన పాత వాసన వస్తుంది. చేపల పులుసు మాత్రం మర్నాటికి ఇంకా రుచిగా ఉంటుంది. చేపలో కొవ్వు ఎక్కువ అంటారు కదా, మరి ఇదేమిటి?
– గృహిణి, ఒంగోలు

జవాబు: అమ్మా, ఆ పాత వాసనను 1958 నాటికే మాంస శాస్త్రజ్ఞులు గుర్తించి పేరు పెట్టారు. జీవి చనిపోయిన తర్వాత కాపలా మార్చేవారు ఉండరు. అప్పటికి కండలో ఎంత విటమిన్ ఇ ఉందో అంతే. వండినప్పుడు కణాల పొరలు చిట్లి, కండకు ఎరుపునిచ్చే మయోగ్లోబిన్‌లోని ఇనుము విడుదలై, విప్పారిన కొవ్వు ఆమ్లాల మీద పడుతుంది. ఉప్పు దానికి సాయం చేస్తుంది. కోడి తొడలో ఇనుమూ, అసంతృప్త కొవ్వూ రెండూ ఎక్కువ కనుక అక్కడ వాసన ముందు పుడుతుంది. గొర్రె మాంసంలో ఇది కొంత తక్కువ. గొర్రె మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు మేతలోని అసంతృప్త ఆమ్లాలను చాలావరకు సంతృప్త ఆమ్లాలుగా మార్చివేస్తాయి, అందుకే ఆ కొవ్వు చల్లారగానే గడ్డకడుతుంది.

పులుసులో చింతపండు ఉంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఇనుమును పట్టి ఉంచగలదు. మెంతులు, పసుపు, కరివేపాకు, ఎండుమిరపకాయల్లో ఫినాల్ జాతి యాంటీ ఆక్సిడెంట్లు ఉన్నాయి. ముక్క మొత్తం పులుసులో మునిగి ఉండటం వల్ల గాలి తగలదు. మన నెల్లూరు పులుసులో పడే మామిడికాయ పులుపు కూడా ఇందుకు కలిసివస్తుంది. కోడి కూర మిగిలితే గ్రేవీలో ముక్కలు మునిగేటట్టు చిన్న గిన్నెలోకి మార్చి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. వేడి చేసేది కావలసినంత వరకే చేయండి.

ప్రశ్న: మేము కవళ్ళు, కానాగంతలు ఎండబెట్టి అమ్ముతాము. నెల దాటేసరికి పొట్ట దగ్గర పసుపు తిరిగి, తుప్పు రంగు వచ్చి ధర పడిపోతున్నది. ఏమైనా రసాయనం చల్లవచ్చునా?
– ఎండు చేపల వ్యాపారి, కొత్తపట్నం

జవాబు: ఏ రసాయనమూ చల్లకండి. కవళ్ళు, కానాగంతలు నూనె చేపలు, వాటి పొట్ట చుట్టూ ఉన్న కొవ్వే ముందు ఆక్సీకరణ చెందుతుంది. ఆ తుప్పు రంగు చెడిన కొవ్వు మాంసకృత్తులతో కలిసి ఏర్పడినది. పేగులు, మొప్పలు తీసివేసి రక్తం పూర్తిగా పోయేవరకు మంచినీటితో కడగండి, ఎందుకంటే రక్తంలోనే ఇనుము ఎక్కువ. మురికి ఉప్పులోని ఇనుము, రాగి జాడలు కూడా ఇదే పని చేస్తాయి కనుక శుభ్రమైన తెల్లని ఉప్పు వాడండి, తుప్పు పట్టిన రేకు డబ్బాల్లో ఊరవేయకండి. ఇసుక మీద పరచకుండా వలలు కట్టిన మంచెల మీద, మిట్టమధ్యాహ్నం నీడపట్టున ఆరబెట్టండి. పూర్తిగా చల్లారిన తర్వాత గాలి చొరని మందపాటి సంచుల్లో, గాలిని నొక్కి తీసివేసి కట్టి, వెలుతురు తగలని గదిలో పెట్టండి. నెత్తళ్ళ వంటి తక్కువ నూనె ఉన్న చేపలను వేరుగా ఉంచి, కవళ్ళను ముందుగా అమ్ముకోండి.